సెల్లార్ మెట్లు ఎక్కిన బబుల్స్

‘ది వైర్’ సీరియల్ చివరి ఎపిసోడ్ 2008 మార్చిలో వచ్చింది. ఆ ముగింపులో చీకటి తప్ప ఏమీ లేదనే మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాను. అరవై ఎపిసోడ్ల పాటు బాల్టిమోర్ వీధుల్లో హెరాయిన్ బేరాలు, హత్యలు, పోలీసుల నిఘా చూశాక, ఏదీ మారలేదని తేలుతుంది. చచ్చినవాళ్ల చోటుకి కొత్తవాళ్లు వచ్చేస్తారు. డ్రగ్ వ్యాపారులను దోచే ఒమర్ పోయాడు, మైకేల్ అనే కుర్రాడు అతని తోవే పట్టాడు. మరి బతికినవాళ్ల గతేమిటి?

నాకైతే బబుల్స్ గుర్తొస్తాడు. ఏళ్ల తరబడి మత్తుకు బానిసైనవాడు. తోబుట్టువు అతన్ని సెల్లార్‌లో ఉండనిచ్చింది గానీ, మెట్ల పైనున్న తలుపుకి తాళం వేసేది. ఆమెను తప్పుపట్టలేం. తన వల్ల చనిపోయిన షెరాడ్ అనే కుర్రాడి గురించి అందరి ముందూ ఒప్పుకుని ఏడ్చిన తర్వాతే బబుల్స్ గుండె కాస్త తేలికపడింది. ఆఖరి ఎపిసోడ్‌లో ఆ తలుపు తెరిచి ఉంటుంది. అతను మెట్లెక్కి వచ్చి ఇంటివాళ్లతో కలిసి భోజనానికి కూర్చుంటాడు. మాటల్లేవు. కొన్ని క్షణాలే. అయినా సీరియల్ మొత్తంలో అంతకన్నా పెద్ద గెలుపు నాకు కనబడలేదు.

అదే ఎపిసోడ్‌లో డ్యూకీ అనే కుర్రాడు కూడా ఉన్నాడు. చదువుకుంటానని పాత మాస్టారు ప్రెజ్ దగ్గర డబ్బు తీసుకుని వెళ్లి, చేతికి మత్తు సూది గుచ్చుకుంటాడు. ఒకప్పుడు బడిలో వాడి మాసిన బట్టలు ఉతికించిన మాస్టారాయన. ప్రేమ ఉంది. కానీ రాత్రికి తలదాచుకోవడానికి ఆ పిల్లాడికి ఇల్లు లేదు.

డ్యూకీ తోటి విద్యార్థి నేమండ్‌కి ఇల్లు దొరికింది. జైల్లో ఉన్న తండ్రి కొడుకుని వదులుకోవడానికి ఒప్పుకున్నాడు, మాజీ పోలీసు అధికారి కోల్విన్ దంపతులు తీసుకెళ్లి పెంచుకున్నారు. అదే క్లాసులోని రాండీ వాడికన్నా చురుకైనవాడు, అమాయకుడు. పోలీసులకు సమాచారం ఇచ్చాడన్న మాట బయటికి పొక్కి, వాడున్న ఇంటికి నిప్పు పెట్టారు. సార్జెంట్ కార్వర్ తీసుకెళ్తానని ముందుకొచ్చినా కాగితాలకే నెలలు పడతాయన్నారు. రాండీని గ్రూప్ హోమ్‌కి పంపేశారు. ఐదో సీజన్‌లో కనిపించే రాండీ ముఖంలో ఆ పాత నవ్వు వెతికి వెతికి నేను ఓడిపోయాను.

అందుకే ఈ ముగింపులో ఆశ లేదంటే నేనొప్పుకోను. ఉంది. అందరికీ చాలినంత లేదు. ఎవరికి దక్కాలో ఆ పిల్లల మంచితనం తేల్చలేదు, తలుపు తీసే మనిషి సమయానికి ఉన్నాడా లేడా అన్నదే తేల్చింది. సీరియల్ సృష్టికర్త డేవిడ్ సైమన్‌తో కలిసి ఈ కథ నడిపిన ఎడ్ బర్న్స్ పోలీసు డిటెక్టివ్‌గా పనిచేసి, ఆ తర్వాత బాల్టిమోర్ బడిలో పాఠాలు చెప్పినవాడు. ఇలాంటి పిల్లల్ని దగ్గర నుంచి చూసినవాడు గనకే అబద్ధపు ఓదార్పు ఇవ్వలేదనుకుంటాను.

ముగింపు గురించి తీర్పు చెప్పేముందు నాలుగో సీజన్ మరోసారి చూడండి. ప్రెజ్ మాస్టారి లెక్కల క్లాసులో నేమండ్, రాండీ, డ్యూకీ, మైకేల్ నలుగురూ కనిపిస్తారు.