పాత మేడలు - క్రొత్త కాపురములు

గుంటూరు 1866లో పురపాలక సంఘమైనది. 1994లో నగరపాలక సంస్థ యైనది. ఈ నడుమకాలమున పట్నంబజారు, లాలాపేట వీథులలో పత్తి, మిరప, పొగాకు వర్తకుల సొమ్ముతో లేచిన మేడలు కొన్ని నేటికిని నిలిచియున్నవి. క్రింద కొట్టు, వెనుక గిడ్డంగి, పైన వర్తకుని కాపురము: ఇది వాని వరుస. ఇపుడు కొన్నిటి పైభాగములు తాళములు పడి పావురములకు నెలవులైనవి. వీనిని నేలమట్టముచేసి అద్దాల యంగళ్లు కట్టవలెనని కొందఱనుచున్నారు. బాగుచేసి, క్రింద దుకాణములుగను పైన నివాసములుగను మరల వాడవలెనని మా యభిప్రాయము. అయితే మే మొక షరతు పెట్టుచున్నాము. అది ముందు చెప్పుదుము.

ఈ మేడ లేల పాడుపడెను? సరకు వెడలిపోయినది. మిరప టిక్కీలకు ఊరి వెలుపల మార్కెట్టు యార్డును, రంగు చెడకుండ కాపాడు శీతల గిడ్డంగులును వచ్చినవి. పత్తి జిన్నింగు మిల్లులు పొలములకు దగ్గఱగా వెడలినవి. ధనము గలిగిన కుటుంబములు బ్రాడీపేటకును, అరండల్‌పేటకును, లక్ష్మీపురమునకును కాపురములు మార్చినవి.

ఇట్టి గిడ్డంగులను ఇండ్లుగా మార్చుట పాశ్చాత్య దేశములలో వాడుకయైనది. అచ్చట దానిని 'లాఫ్ట్' అందురు. నిఘంటువులో ఆ మాటకు అటక యని యర్థము. కాని ఊరగాయ జాడీలుంచు మన యటక గాదది. ఎత్తైన కప్పును, పెద్ద కిటికీలును గల విశాలమైన గది యన్నమాట. మాంచెస్టరు నగరమున ఆంకోట్సు పేటలో 1798లో కట్టనారంభించిన మర్రే వారి నూలు మిల్లులయందు నేడు కుటుంబములు కాపురముండుచున్నవి. ఆ నగరమునకు మనకును పాత చుట్టఱికమే గలదు. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగి అచ్చటి పత్తి రాకపోగా, లంకాషైరు మిల్లులు హిందూదేశపు పత్తికై చేయిచాచెను. మన జిల్లాల యెఱ్ఱని పత్తి కాకినాడ రేవున ఓడలెక్కుటచే 'కొకనాడా' యను పేరనే విదేశ విపణులలో చెల్లెను. పత్తి కొన్నవారు తమ మిల్లులను నిలుపుకొనగా, పండించి పంపినవారము మన గిడ్డంగులను పడగొట్టుకొనుట వింత గాదా?

విద్యార్థు లొక సంగతి స్వయముగా నెఱుగుదురు. రోహిణీకార్తెలో మన పాఠశాల పాత తరగతిగదులు చల్లగనుండును. క్రొత్త గదులు పెనమువలె కాలును. పాత గోడలు మూరెడు మందము. ఎద్దులు త్రిప్పు గానుగలో సున్నము, ఇసుక కలిపి నూఱి కట్టినవి. కప్పు టేకు దంతెలపై సన్నని ఇటుకలు పేర్చిన మద్రాసు మిద్దె. సున్నపుగోడ తేమను పీల్చి మరల విడుచును. మరమ్మతు పేరిట దానిపై సిమెంటు పూసినచో తేమ లోపలనే చిక్కి, ఉప్పు పొంగి, ఇటుక పిండియగును. పాతమేడలను వయస్సు కంటె ఇట్టి వైద్యమే యెక్కువగా చంపుచున్నది.

మన తెలుగువారి నడుమనే మంచి యుదాహరణము గలదు. హైదరాబాదున మొజంజాహి మార్కెట్టు 1935లో నల్లఱాతితో కట్టబడెను. కాలక్రమమున రేకులును, తీగలును, బల్లలును దానిని కప్పివేసెను. 2018లో పని యారంభించి, అడ్డముగా చేర్చిన వానిని తొలగించి, సున్నముతో అతుకులు పూడ్చి, గడియార స్తంభమును బాగుచేసి, 2020 ఆగస్టులో మరల తెఱచిరి. మాకు మిక్కిలి నచ్చినది ఱాతిపని గాదు. ఐసుక్రీము అమ్మువారు నేటికిని అచ్చటనే యమ్ముచున్నారు.

మా షరతు ఇదియే. న్యూయార్కు నగరమున సోహో యను పేట గలదు. ఇనుపస్తంభముల ముఖభాగములు గల పాత కార్ఖానాలలో తక్కువ యద్దెకు చిత్రకారులు చేరిరి. వారి నివాసమునకు 1971లో నగరము చట్టమున చోటిచ్చెను; 1973లో ఆ పేటను చారిత్రక ప్రాంతముగా ప్రకటించెను. గోడలు దక్కినవి. కాని పేటకు పేరు వచ్చిన కొలది అద్దెలు పెరిగి, చిత్రకారులలో అనేకులు వెడలిపోవలసివచ్చెను. పట్నంబజారులో అద్దెకొట్టు పెట్టుకొన్న చిల్లర వర్తకుడు, ఆ కొట్టులెక్కలు వ్రాయు గుమాస్తా, సరకు దించు హమాలీ, వీరు వెడలిన పిమ్మట మిగులునది మేడ గాదు, మేడ బొమ్మ. పని జరుగునన్నాళ్లు వారికి వేఱుచోటు చూపి, తరువాత మరల అదే కొట్టు ఇత్తుమని వ్రాతపూర్వకముగా నొప్పుకొననిదే ఏ పథకమునకును అనుమతి యీయరాదు.

యజమానుల కష్టము మే మెఱుగనిది గాదు. మొజంజాహి మార్కెట్టు నగరపాలక సంస్థ సొత్తు. మన మేడ యొక్కొక్కటి అనేకమంది వారసులది. ఒకరు హైదరాబాదు, ఒకరు అమెరికా. అందఱు సంతకము చేయుటకు ముందే కప్పు కూలును. భూమి వెల మేడ వెలను మించినది. రోడ్డు వెడల్పు చేయునపుడు మొదట పోవునది ముఖభాగమే. 1960 నాటి పురాతన కట్టడముల చట్టము కోటలకు, గుడులకు అక్కఱకు వచ్చునేగాని వర్తకుని మేడను చూడదు. కావున ఉపన్యాసములు చాలవు. రోడ్డుకు స్థలమిచ్చినవారికి నేడు ఇచ్చుచున్న అభివృద్ధిహక్కుల బదిలీ పత్రమువంటి దానిని మేడను నిలిపిన వారసులకును ఈయవచ్చును. కొన్నియేండ్లు ఇంటిపన్ను తగ్గింపవచ్చును.

పై యంతస్తులో కుటుంబముల నుంచుటకు ముందు రెండవ మెట్లదారియు, క్రొత్త విద్యుత్తు తీగలును, మరుగుదొడ్లును తప్పవు. ఇరుకు కొయ్యమెట్లు ఒక్కటే యున్న మేడలో అగ్ని పుట్టినచో పైవారికి దారి లేదు. ఈ ఖర్చు దాచి అందము మాత్రమే చూపు బిల్డర్లను తల్లిదండ్రులు నమ్మరాదు.

ఇంతకును ఏ వీథిలో ఎన్ని మేడలున్నవి, ఎన్నిటి కప్పులు గట్టివి యను పట్టిక మా చేతి కెచ్చటను చిక్కలేదు. ఈ వేసవి సెలవులలో పై తరగతుల పిల్లలు, యజమానుల యనుమతితో, ఉపాధ్యాయుని వెంటబెట్టుకొని, టేపును డ్రాయింగు పుస్తకమును చేతబట్టి పట్నంబజారు నుండి యారంభింతురుగాక. వారు గీసి తెచ్చిన పటములకు వచ్చు సంచికలో నాలుగు పుటలు కేటాయించితిమి.