ముప్ఫై శాతం ఉండగానే ల్యాప్‌టాప్ ఆరిపోతోందా?

మన ఇళ్ళల్లో ల్యాప్‌టాప్‌లకి ఒక వరస ఉంటుంది, గమనించారా? కొత్తది ఆయనకి. దాని తర్వాతది పిల్లల హోంవర్కుకి. అన్నిటికన్నా పాతది వంటింటి బల్ల మీదకి, అంటే మనకి. ఆన్‌లైన్ కోర్సులు, ఉద్యోగాల అప్లికేషన్లు, ఇండియాలో అమ్మావాళ్ళతో వీడియో కాల్స్ అన్నీ దాని మీదే. ఇంటర్వ్యూ మధ్యలోనో, పరీక్ష రాస్తుండగానో అది చెప్పాపెట్టకుండా ఆరిపోతే ఇంట్లో వినిపించే సలహాలు రెండే. "ప్లగ్గులో పెట్టి వాడుకో", లేదంటే "పాతదైపోయిందిలే, కొత్తది కొందాం". కానీ ఏది చేయాలో తేల్చుకోవడానికి ముందు ఒక అరగంట పరీక్ష ఉంది. అది మనమే చేసుకోవచ్చు.

ముందు అసలు ఏం జరుగుతోందో చూద్దాం. మేడ మీద నీళ్ళ ట్యాంకు ఉందనుకోండి. ఏళ్ళు గడిచేకొద్దీ పైపుల్లో ఉప్పు పేరుకుపోతుంది. ట్యాంకులో నీళ్ళున్నా, ఒక కుళాయి తిప్పితే సన్నగా వస్తాయి, రెండో కుళాయి కూడా తిప్పితే అసలు రావు. లిథియం అయాన్ బ్యాటరీ కూడా అంతే. వాడుతున్నకొద్దీ లోపలి ఎలక్ట్రోడు మీద ఒక పొర మందమవుతూ వస్తుంది. అది కొంత లిథియాన్ని తినేస్తుంది, కాబట్టి ట్యాంకే చిన్నదవుతుంది. దాంతోపాటు లోపలి నిరోధం పెరుగుతుంది, అంటే పైపు సన్నబడుతుంది. మామూలుగా టైపు చేసుకుంటుంటే ఏమీ తెలియదు. వీడియో కాల్ మొదలుపెట్టి, పక్కన పది ట్యాబులు తెరిస్తే ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. అప్పుడు వోల్టేజి టక్కున పడిపోతుంది. కనీస వోల్టేజి అందకపోతే ల్యాప్‌టాప్ ఆరిపోతుంది. తెర మీద 30 శాతం అని ఉన్నా సరే. ఆ శాతం కూడా ఒక చిప్ వేసే అంచనాయే, పాత బ్యాటరీలో ఆ అంచనా తప్పుతుంది.

ఇక పరీక్షలోకి వెళ్దాం.

మొదటిది: చార్జర్ పెట్టి రెండు మూడు రోజులు వాడి చూడండి. చార్జర్ ఉన్నప్పుడు బాగానే ఉండి, తీసేశాకే ఆరిపోతుంటే అనుమానం బ్యాటరీ మీదే. చార్జర్ ఉన్నా ఆరిపోతుంటే విషయం వేరు. అడుగు భాగం కాలిపోతూ, ఫ్యాను హోరుమంటూ ఉందంటే దుమ్ము పేరుకుని వేడి బయటకి పోవడం లేదేమో చూడాలి. చార్జరో, లోపలి బోర్డో కూడా కారణం కావచ్చు. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ వేయించినా డబ్బు దండగ.

రెండోది: బ్యాటరీ రిపోర్టు తీయండి. విండోస్‌లో స్టార్ట్ నొక్కి సీ, ఎం, డీ అని టైపు చేస్తే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అందులో పీ, ఓ, డబ్ల్యూ, ఈ, ఆర్, సీ, ఎఫ్, జీ అక్షరాలు కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అని ఇంగ్లీషులో కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక ఫైలు తయారై, అది ఎక్కడుందో అక్కడే చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరవండి. డిజైన్ కెపాసిటీ అంటే కొత్తప్పటి శక్తి. ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పట్టేది. మొదటిది 50,000, రెండోది 31,000 ఉంటే, మిగిలింది 62 శాతమే. 80 కంటే తగ్గిందంటే ముసలితనం మొదలైనట్టు, 60 దగ్గరికి వచ్చిందంటే ఉన్నట్టుండి ఆరిపోవడంలో వింతేమీ లేదు. మ్యాక్ అయితే సెట్టింగ్స్‌లో బ్యాటరీ దగ్గర నార్మల్ అనో, సర్వీస్ రికమెండెడ్ అనో అదే చెబుతుంది.

మూడోది: రిపోర్టులో అంకెలు బాగానే ఉండి, శాతం మాత్రం 40 నుంచి 12కి దూకుతుంటే, తప్పు ఆ అంచనాలో ఉండొచ్చు. పూర్తిగా చార్జ్ చేసి, కాసేపు అలాగే ఉంచి, తీసేసి దానంతటదే ఆగేదాకా వాడి, మళ్ళీ మధ్యలో ఆపకుండా నిండుగా చార్జ్ చేయండి. లెక్క సరిపడుతుంది. ఇది బ్యాటరీకి ఆయుష్షు పోయదు, కాబట్టి ఒక్కసారి చాలు. మాటిమాటికీ ఖాళీ చేస్తే అదే అరుగుదల.

ఇంత చేసినా ఆరిపోతుంటే బ్యాటరీ మార్చాల్సిందే. అది వచ్చేలోగా పవర్ ఆప్షన్స్‌లో క్రిటికల్ బ్యాటరీ లెవెల్‌ని 35కి పెంచి, చర్యగా హైబర్నేట్ ఎంచుకోండి. 30 దగ్గర పడిపోయే మెషీన్ అంతకుముందే మీ పని దాచి నిద్రపోతుంది. కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్, బ్యాటరీ మీద ఉన్న పార్ట్ నంబరు, వోల్టేజి మూడూ సరిపోవాలి. లోపల అతికించి ఉన్న రకమైతే ఊడదీసే పని షాపు వాళ్ళకే వదిలేయండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగ్గా పడకపోయినా, అడుగు భాగం ఉబ్బినా అది బ్యాటరీ వాపు. వెంటనే ఆపేసి, చార్జర్ తీసేయండి. నొక్కకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి. నిప్పు పుట్టే ప్రమాదం ఉంది. పాత బ్యాటరీలు తీసుకునే రీసైక్లింగ్ కేంద్రానికి ముందు ఫోన్ చేసి, ఉబ్బింది అని చెప్పి ఇవ్వండి.

ఇండియా వెళ్ళినప్పుడు సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో చవకగా వేయించుకుందాం అనుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. మంచిదే. అయితే విడిగా ఉన్న బ్యాటరీ చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి సామానులోనే తీసుకెళ్ళాలి. దాని కొనలు టేపుతో మూసి ఉంచాలి. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీలు 100 వాట్ అవర్ల లోపే ఉంటాయి, వాటికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. ఉబ్బినవాటిని మాత్రం విమానంలో తీసుకెళ్ళనే కూడదు. ల్యాప్‌టాప్ ఇక్కడే వదిలి రెండు నెలలు వెళ్తుంటే సగం చార్జ్‌లో ఆపి, చల్లని చోట పెట్టి వెళ్ళండి. నిండుగానో, పూర్తి ఖాళీగానో వదిలితే ఆ సెలవుల్లోనే ముసలిదవుతుంది.

కొత్త బ్యాటరీ వేయించాక కూడా దానికి పెద్ద శత్రువు వేడే. టెక్సాస్ ఎండలోనో, దుబాయ్ ఎండలోనో కారులో వదలకండి. దుప్పటి మీద పెట్టి వాడకండి. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే మెషీన్ అయితే, 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సదుపాయం అందులో ఉందేమో వెతకండి.

కొత్త ల్యాప్‌టాప్ కొనాలనుకుంటే కొనుక్కోండి, మనకీ కొత్తది రావాల్సిందే! కానీ ఆ నిర్ణయం "పాతదైపోయిందిలే" అన్న మాటతో కాదు, రిపోర్టులోని రెండు అంకెలు చూసి తీసుకోండి. ఈ వారాంతం ఆ రిపోర్టు తీసి, మీది ఎంత శాతం వచ్చిందో నాకు రాయండి.