తూటా వెనుక సంతకం ఎవరిది?



మొన్న ఆదివారం టెక్సాస్‌లో ఉంటున్న నా చిన్ననాటి స్నేహితుడు ఫోన్ చేశాడు. ఇంటి భద్రత కోసం కొత్త రివాల్వర్ కొన్నాడట. లైసెన్సు ఉన్న దుకాణానికి వెళ్లాడు, 4473 నంబరు ఫారం నింపాడు. ఎఫ్‌బీఐ నడిపే నేపథ్య తనిఖీ వ్యవస్థ నుంచి అనుమతి రాగానే రివాల్వర్ చేతికిచ్చారు. అసలు సంగతి ఆ తర్వాత చెప్పాడు. పక్కింటి పెద్దాయన అభిమానంగా ఒక డబ్బా నిండా తూటాలు ఇచ్చాడు. అవి కంపెనీవి కావు. ఆయనే తన గ్యారేజీలో కూర్చుని మందు నింపినవి. "ఊరికే ఇచ్చాడు కదరా, వాడెయ్యనా?" అని వాడి ప్రశ్న.

వద్దన్నాను. ఎందుకు వద్దో వాడికి వివరిస్తుంటే, ఇది మనం చదువుతున్న పాలన, నైతికత పేపర్లకు సరిగ్గా సరిపోయే ప్రశ్న అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

ప్రమాదం ఎక్కడుంది?

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి గొట్టం, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, ముందు బుల్లెట్. కాల్చిన తర్వాత మిగిలిన ఇత్తడి గొట్టాన్ని శుభ్రం చేసి మళ్లీ నింపుకోవడాన్ని అమెరికాలో హ్యాండ్‌లోడింగ్ అంటారు. సొంత వాడకానికైతే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి తయారుచేస్తే కావాలి. ఖర్చు తగ్గుతుందని కొందరు, గురి బాగా కుదురుతుందని కొందరు ఈ పని చేస్తారు. చాలామంది శ్రద్ధగానే చేస్తారు.

సమస్య ఆ మిగిలిన కొద్దిమందితోనే. .38 స్పెషల్ తూటానే తీసుకోండి. అది నల్లమందు రోజుల్లో పుట్టిన కొలత కాబట్టి లోపల చోటెక్కువ. ఇప్పటి పొగరాని మందు అందులో కొద్ది భాగాన్నే ఆక్రమిస్తుంది. పరధ్యానంలో మందు రెండుసార్లు పోసినా పైకి పొర్లదు. బుల్లెట్ బిగించాక చూస్తే ఏ తేడా కనిపించదు. కాల్చినప్పుడు మాత్రం రివాల్వర్ సిలిండర్ పగిలిపోవచ్చు. మందు అసలే పడకపోయినా ముప్పే. ప్రైమర్ ఒక్కటే పేలి, బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. అది గమనించకుండా రెండోసారి ట్రిగ్గర్ నొక్కితే బ్యారెల్ ఉబ్బుతుంది లేదా చీలుతుంది. అందుకే ఇలా నింపిన తూటాలు వాడితే వారంటీ వర్తించదని పలు తయారీ సంస్థలు తమ పుస్తకాల్లోనే రాస్తాయి. హ్యాండ్‌లోడింగ్ చేసేవాళ్లు కూడా ఇంకొకరు నింపిన తూటా కాల్చొద్దనే చెబుతారు.

కారణం ఒక్కటే. తప్పు జరిగితే ఎవరిదో తేల్చే ఆధారం ఆ డబ్బా మీద లేదు. పరీక్షించినవారు లేరు, బ్యాచ్ నంబరు లేదు, బాధ్యుడి సంతకం లేదు.

రెండు దేశాలు, రెండు తర్కాలు

అమెరికాలో ఆయుధం రాజ్యాంగ హక్కు. 1791 నాటి రెండో సవరణ వ్యక్తిగత హక్కునే కాపాడుతుందని అక్కడి సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో స్పష్టం చేసింది. మన దగ్గర అలాంటి హక్కు లేదు. లైసెన్సు లేని ఆయుధాల మీద 2023లో సుమోటోగా విచారణ చేపట్టినప్పుడు మన సుప్రీంకోర్టు ఈ తేడానే ఎత్తి చూపింది.

1959 ఆయుధాల చట్టంలో మూడు అంశాలు గుర్తుంచుకోండి. సెక్షన్ 3 ప్రకారం తుపాకీ, తూటాలు కలిగి ఉండాలంటే లైసెన్సు కావాలి. సెక్షన్ 5 ప్రకారం వాటిని తయారు చేయడానికి వేరే లైసెన్సు కావాలి. సెక్షన్ 2లోని నిర్వచనం మరీ ముఖ్యం. తూటా విడిభాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా చట్టం దృష్టిలో "అమ్యునిషన్" కిందికే వస్తాయి. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. టెక్సాస్‌లో పెద్దాయన కాలక్షేపం ఇక్కడ జైలుకు పంపే నేరం.

ఎదుటివాదన

"జాగ్రత్తగా చేసుకునేవాడిని ఆపడం ఎందుకు?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తన చేతిని తానే ప్రమాదంలో పెట్టుకునేవాడి స్వేచ్ఛకు కొంత విలువ ఉంది. కానీ తూటా ఆ చేతిలోనే ఉండిపోదు. డబ్బా పక్కింటికి వెళ్తుంది. షూటింగ్ రేంజిలో సిలిండర్ పగిలితే ముక్కలు పక్కన నిలబడ్డవాడికి తగులుతాయి.

ఇది మనకు కొత్త విషయం కూడా కాదు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో నాటు తుపాకీ ఉంది. అందులో మందు దట్టించేది చేత్తోనే, కొలత కంటి అంచనాతోనే. అడవిపందుల కోసం వెళ్లి మనుషులు గాయపడ్డ వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. గ్యారేజీలో పెద్దాయన దగ్గర త్రాసైనా ఉంది. నాటు తుపాకీ దగ్గర అదీ లేదు.

నా అభిప్రాయం

కాబట్టి మన చట్టం ఇంటి తయారీని నిషేధించడం సబబే. కానీ మాట అక్కడితో ఆపేస్తే సగం జవాబే అవుతుంది. పౌరుడి చేతిని కట్టేసిన రాజ్యం ఆ స్థానంలో తన సంతకం పెట్టాలి. అమ్మే ప్రతి తూటాకు నాణ్యత పరీక్ష జరగాలి. లోపం బయటపడితే ఆ బ్యాచ్ వెనక్కి రావాలి. లైసెన్సు దరఖాస్తు ఏళ్లతరబడి బీరువాలో మగ్గకూడదు. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలని సెక్షన్ 14 చెబుతోంది. సెక్షన్ 18 అప్పీలుకు వీలు కల్పించింది. ఇవి పుస్తకంలో ఉంటే సరిపోదు, ఫైలులో కనిపించాలి.

ఇంకో మాట. 2014లో కాన్పూర్ నుంచి "నిర్భీక్" రివాల్వర్‌ను మహిళల కోసమని మార్కెట్లోకి తెచ్చారు. ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా బస్టాపులో నిలబడే అమ్మాయి అది కొనగలదా? ఆమెకు కావలసింది రివాల్వరా, ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చే పోలీసు బండా? భయాన్ని ఆయుధంతో తీర్చాలని చూసే ముందు పాలన ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలి.

రేపు మీలో ఒకరు కలెక్టరు కుర్చీలో కూర్చుంటారు. హైదరాబాద్ లాంటి నగరాల్లోనైతే ఆ అధికారం పోలీసు కమిషనరుది. బల్ల మీదికి ఒక లైసెన్సు ఫైలు వస్తుంది. దరఖాస్తుదారుకు నిజంగా ప్రాణభయం ఉందా, హోదా కోసం అడుగుతున్నాడా, శిక్షణ పొందాడా, ఇంట్లో ఆయుధాన్ని భద్రంగా దాచే చోటుందా? ఇవన్నీ చూశాక కింద మీరు పెట్టే సంతకానికి అర్థం ఒకటే: "ఏదైనా జరిగితే జవాబుదారీ నేను." పక్కింటి పెద్దాయన డబ్బా మీద లేనిది సరిగ్గా ఆ సంతకమే.

నా స్నేహితుడు ఆ డబ్బాను మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు. పెద్దాయన నొచ్చుకోలేదట. "నేనైనా అదే చేసేవాణ్ణి" అన్నాడట.

సాధన ప్రశ్న: "ఆయుధాల నియంత్రణలో నిషేధం కంటే జవాబుదారీతనమే ముఖ్యం." 1959 ఆయుధాల చట్టం, 2019 సవరణల వెలుగులో చర్చించండి. (250 పదాలు)

రాసి మీ మిత్రులతో దిద్దించుకోండి. నాతో ఏకీభవించాల్సిన పని లేదు, మీ వాదనకు ఆధారం చూపితే చాలు.