కీటకశాస్త్రజ్ఞుల గౌరవము

వ్యాధి వచ్చిన పిమ్మట మందిచ్చి బ్రతికించిన వైద్యునకు లోకము చేతులెత్తి మ్రొక్కును. వ్యాధి రాకుండ నడ్డుకొన్నవాని పేరైన నెవ్వరు నడుగరు. రాని జ్వరము నెవరు లెక్కింతురు? మనుష్యులను, పశువులను, పట్టణములను బాధించు కీటకములను శోధించు శాస్త్రజ్ఞుల కిందువలననే తగిన గౌరవము దక్కకున్నది.

అమెరికా కీటకశాస్త్ర సంఘమువారు వైద్య, పట్టణ, పశువైద్య కీటకశాస్త్రమునకు ప్రత్యేకశాఖ నేర్పఱచి, యందు కృషిచేసినవారిని సన్మానించుచున్నారు. పశువుల పుండ్లలో గ్రుడ్లు పెట్టు ఈగజాతిని, సంతానశక్తి నశింపజేసిన మగయీగలను విడుచుటచే నిర్మూలింపవచ్చునని చూపిన నిప్లింగు, బుష్లండు పండితులకు 1992లో ప్రపంచ ఆహార బహుమాన మొసగబడెను. ఇది మెచ్చదగిన పద్ధతి.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులోనే రోనాల్డు రాసు దొర దోమకడుపులో మలేరియా క్రిమిని గనుగొనెను. 1902లో నోబెలు బహుమానము నందెను. ఆ దోమలకు తన రక్తమిచ్చిన రోగి హుసేనుఖానుకు దక్కినది దోమ కొక యణా. తరువాత కలకత్తాలో రాసునకు తోడ్పడిన మహమ్మదు బక్సు పేరు మన విద్యార్థులలో నెందఱెఱుగుదురు? రాసు ప్రతిభను మేము తక్కువచేయుట లేదు. పదిమంది చేసిన పనికి కీర్తి యొక్కరినే చేరుట న్యాయము కాదనియే మా వాదము.

గౌరవ మలంకారమాత్రమని తలంచువారు మన దేశచరిత్రను జూతురు గాక. 1947లో ఏటికి సుమారు ఏడున్నర కోట్లమంది మలేరియాచే బాధపడిరని యంచనా. 1953లో నారంభమైన జాతీయ కార్యక్రమమువలన 1965 నాటికి రోగులసంఖ్య లక్షకు దిగెను. అంతట శ్రద్ధ సడలెను; దోమలును మందునకు లొంగకపోయెను. 1976లో రోగులు అరువదినాలుగు లక్షలైరి. దొంగభయము తీరెనని కావలివానిని బంపివేసిన యింటికి మరల కన్నము పడుట వింతయా?

నేడు పట్టణములలో మిద్దెలమీది నీటితొట్లలో మలేరియాదోమయు, పూలకుండీలలో, పాతటైర్లలో డెంగ్యూదోమయు బెరుగుచున్నవి. పొగ యంత్రము వీధిలో నొకసారి తిరిగినంతమాత్రమున నివి నశింపవు. ఏ దోమ యెచ్చట గ్రుడ్లు పెట్టునో, ఏ మందునకు లొంగునో తెలిసినవాడు కావలయును.

కావున మా కోరికలు మూడు. ప్రతి పెద్ద పురపాలక సంఘమునందును కీటకశాస్త్రజ్ఞునకు స్థిరమైన యుద్యోగమును, వైద్యునితో సమానమైన మర్యాదయు నుండవలెను. పరిశోధనలు ప్రకటించునపుడు దోమలు పట్టి, తొట్లు వెదకిన క్షేత్రసేవకుల పేర్లును ప్రకటింపవలెను. ఏటేట ఆగస్టు 20వ తేదీన మన పురములవారు సభచేసి, అట్టి సేవకులను బిలిచి సత్కరింపవలెను.

శాలువకు పట్టు వ్యయము స్వల్పము. శాలువ కప్పవలసినవానిని మఱచినందుకు చెల్లించు వెల యెంతటిదో 1976వ సంవత్సరము మనకు జెప్పియే యున్నది.