సీరియల్ రికార్డింగ్‌కి ఏ బాక్స్ తీసుకోవాలి? గొల్లపల్లి నుంచి వచ్చిన ఒక ఫోన్ కాల్

"బిడ్డా, నువ్వు ఫోన్ల గురించి, డబ్బాల గురించి రాస్తవు గదా. టీవీల సీరియల్ దాసిపెట్టుకోని తర్వాత సూసుకునే డబ్బా ఏదన్న ఉన్నదా?"

పోయిన నెల గొల్లపల్లి నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసి అడిగిన మాట ఇది. జగిత్యాల జిల్లాలో మా సొంతూరు అదే. ప్రాబ్లమ్ చాలా సింపుల్. ఇంట్లో టీవీ ఒక్కటే. రాత్రి ఏడున్నరకి చిన్నమ్మకి సీరియల్ కావాలి, సరిగ్గా అదే టైమ్‌కి చిన్నాయినకి వార్తలు కావాలి. రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ముందు అందరూ చెప్పే జవాబే నేనూ చెప్పా. యాప్‌లో చూడు చిన్నమ్మా అని. జీ తెలుగు సీరియల్ అయితే జీ5, స్టార్ మా అయితే జియోహాట్‌స్టార్, ఈటీవీ అయితే ఈటీవీ విన్, జెమినీ అయితే సన్ నెక్స్ట్. ఎపిసోడ్ ఎక్కడికీ పోదు, ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఆమె ఒక్క మాటతో కొట్టిపారేసింది. "చాట ఒళ్లె ఉంటది, చేతులు రెండు ఆకు మీదుంటయి, ఫోన్ ఏడ వట్టుకోవాలె?"

నిజమే కదా. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు బీడీలు చేసే ఆడవాళ్లకి సీరియల్ అంటే సగం చూసేది, సగం వినేది. తల ఎత్తకుండానే ఏ కోడలు ఏడుస్తోందో గొంతును బట్టి చెప్పేస్తారు. వాళ్లకి కావాల్సింది టీవీ సౌండ్, అదీ చేతులతో పనిలేకుండా. అందుకని నిజంగానే బాక్సుల వెంట పడ్డా.

రికార్డింగ్ అనగానే రివ్యూలన్నీ (మేం రాసినవి కూడా) జీబీలతో మొదలవుతాయి. 500 జీబీనా, 1 టీబీనా అని. అంత అవసరం లేదు. లెక్క చూడండి. ఎస్‌డీ చానల్ సెకనుకి 3 మెగాబిట్లతో వస్తోందనుకుంటే గంటకి 1.35 జీబీ అవుతుంది. హెచ్‌డీ 8 మెగాబిట్లనుకుంటే గంటకి 3.6 జీబీ. అంటే అరగంట సీరియల్ ఎస్‌డీలో 700 ఎంబీ లోపే. మామూలు 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో 40 ఎపిసోడ్లు పడతాయి. వారానికి ఆరు అనుకుంటే నెలన్నర సరుకు. చూసింది చూసినట్టు డిలీట్ చేసే ఇంటికి 500 జీబీ ఏం చేసుకోవాలి?

చిన్నమ్మ ఇంట్లో అసలు లెక్క ట్యూనర్లది. ట్యూనర్ అంటే చానల్‌ని పట్టే భాగం. ఒక్క ట్యూనర్ ఉన్న బాక్స్‌లో సీరియల్ రికార్డ్ అవుతుండగా వార్తలకి మార్చబోతే, రికార్డింగ్ ఆపెయ్యమంటారా అని స్క్రీన్ మీద అడుగుతుంది. చిన్నాయిన ఏ బటన్ నొక్కుతాడో నాకు తెలుసు. రెండు చానళ్లూ ఒకే ట్రాన్స్‌పాండర్ మీద ఉంటే కొన్ని బాక్సులు ఒప్పుకుంటాయి గానీ, అది మన చేతిలో ఉండే విషయం కాదు. 2008లో టాటా స్కై ప్లస్ వచ్చినప్పుడు అందరూ లోపల హార్డ్ డిస్క్ ఉందని చెప్పుకున్నారు. నన్నడిగితే దాని అసలు గొప్ప రెండు ట్యూనర్లు. ఒకటి చూస్తూ ఇంకొకటి దాచుకోవడం అప్పుడే కుదిరింది. కాకపోతే అలాంటి బాక్స్‌కి మామూలుగా డిష్ నుంచి రెండు కేబుళ్లు లాగాలి, ఎల్‌ఎన్‌బీకి రెండు అవుట్‌పుట్లు ఉండాలి.

ఇప్పుడు అలాంటిది కొందామంటే దొరకడమే కష్టంగా ఉంది. జగిత్యాలలో రెండు షాపులు తిరిగా. రెండు చోట్లా యాప్‌లున్న ఆండ్రాయిడ్ బాక్స్ తీసి ముందు పెట్టారు. "ఇందులో అన్నీ వస్తాయి సార్" అన్నారు. అన్నీ వస్తాయి, రికార్డింగ్ తప్ప. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బాక్స్ వెనక యూఎస్‌బీ పోర్ట్ కనపడగానే మురిసిపోకండి. అది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసమో, ఫొటోలు చూసుకోవడానికో మాత్రమే ఇచ్చి ఉండొచ్చు. షాపులోనే మీ పెన్‌డ్రైవ్ పెట్టించి, రెండు నిమిషాలు రికార్డ్ చేసి, మళ్లీ ప్లే చేసి చూపించమనండి. రికార్డింగ్‌కి నెలకి విడిగా చార్జీ ఏమైనా ఉందా అని కూడా అడగండి. ఖాళీ పెన్‌డ్రైవే తీసుకెళ్లండి, ఎందుకంటే చాలా బాక్సులు ముందు దాన్ని ఫార్మాట్ చేశాకే పని మొదలుపెడతాయి. అందులో పెళ్లి ఫొటోలుంటే అంతే సంగతులు.

చివరికి దారి చూపించింది బాక్స్ కాదు, చానల్ టైమ్‌టేబుల్. రాత్రి వచ్చిన సీరియల్‌ని చానళ్లు మర్నాడు పగటిపూట మళ్లీ వేస్తాయి. ఆ టైమ్‌లో చిన్నాయిన పొలం దగ్గరుంటాడు, టీవీ ఖాళీ. రిపీట్‌కి టైమర్ పెడితే ఒక్క ట్యూనర్ బాక్స్ చాలు. చిన్నమ్మ ఒక రోజు వెనకబడుతుంది, అంతే. వీధిలో వాళ్లు కథ ముందే చెప్పేస్తారనేది వేరే బాధ. ఒక మంచి పెన్‌డ్రైవ్, యూఎస్‌బీ రికార్డింగ్ ఉన్న మామూలు హెచ్‌డీ బాక్స్. గొడవ లేకుండా పని అయిపోతుంది. టైమర్ పెట్టాక బాక్స్‌ని స్విచ్ బోర్డ్ దగ్గర ఆపెయ్యకూడదు, రిమోట్‌తో స్టాండ్‌బైలో ఉంచాలి. మన ఊళ్లలో టీవీ కట్టేయడమంటే స్విచ్ తీసేయడమే, కాబట్టి ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పండి. పగలు కరెంట్ పోయేచోట బాక్స్‌ని ఇన్వర్టర్ లైన్‌కి కలపండి. డీటీహెచ్ సిగ్నల్ కేయూ బ్యాండ్‌లో వస్తుంది కాబట్టి గట్టి వానకి ఆగిపోతుంది, దానికి మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంతటితో ఆపేయొచ్చు. కానీ ఇదే పనికి ఇంతకుముందు నేను ఒక బాక్స్ కొన్నా. దాని గురించి రాయకపోతే ఈ సలహా సగమే అవుతుంది.

మా బాపు పసుపు రైతు. 2021 ఫిబ్రవరిలో పసుపు ఉడికించేటప్పుడు ఒక టీవీ వాళ్లు మా చేనుకొచ్చి, వ్యవసాయ కార్యక్రమం కోసం ఆయనతో మాట్లాడించారు. పొద్దున్నే నాలుగు నిమిషాలు వచ్చింది. ఇంట్లో డీటీహెచ్ బాక్స్ నేను ఏరికోరి పెట్టించిందే, పెన్‌డ్రైవ్ ఎంత పెడితే అంత రికార్డింగ్ అని మురిసి కొన్నది. నేనే టైమర్ పెట్టి రికార్డ్ చేశా. ఇంటికి చుట్టాలెవరొచ్చినా చాయ్ కంటే ముందు అదే చూపించేవాడు బాపు. 2022లో బాపు పోయాడు. ఆ తర్వాత కూడా అమ్మ అప్పుడప్పుడు పెట్టుకుని చూసేది.

2023 వానాకాలంలో ఒక రాత్రి ఉరుముల తర్వాత బాక్స్ ఆన్ కాలేదు. టెక్నీషియన్ వచ్చి కొత్తది పెట్టి, పాతది పట్టుకుపోయాడు. ఇచ్చింది నేనే. పెన్‌డ్రైవ్ బాగానే ఉంది కదా అని ధీమా. కొత్త బాక్స్‌కి పెట్టగానే, ఈ డ్రైవ్‌ని ఫార్మాట్ చేయాలా అని అడిగింది. వద్దు అని నొక్కి తీసేశా. ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు కనపడుతున్నాయి, సైజు కనపడుతోంది, కానీ ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోలేదు. కస్టమర్ కేర్ వాళ్లు చెప్పింది రూల్ ప్రకారమే, రికార్డ్ చేసిన బాక్స్‌లోనే ప్లే అవుతుంది. యూట్యూబ్‌లో వెతికా, చానల్‌కి మెయిల్ పెట్టా. ఆ ఎపిసోడ్ దొరకలేదు.

"మీ బాపు దాంట్లనే ఉన్నడు గద బిడ్డా, మల్ల ఎందుకు వస్తలేడు?" అంది అమ్మ.

ఎన్‌క్రిప్షన్ గురించి రివ్యూలో ఒక లైన్ రాస్తాం. స్పెసిఫికేషన్ల టేబుల్‌లో చివర్లో ఎక్కడో ఉంటుంది. అమ్మకి దాన్ని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. పే చానళ్లని డీటీహెచ్ బాక్స్ తాళం వేసే రికార్డ్ చేస్తుంది, ఆ తాళంచెవి ఆ బాక్స్‌లోనే ఉంటుంది. చాలా కంపెనీల్లో ప్యాక్ అయిపోతే పాత రికార్డింగ్‌లు కూడా తెరుచుకోవు. పెన్‌డ్రైవ్ మనం కొన్నదే, లోపలున్నది మాత్రం మనది కాదు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. వీసీఆర్‌లో ఎక్కించిన క్యాసెట్ ఎవరి ఇంట్లోనైనా ఆడేది. ఇంట్లో తర్వాత చూసుకోడానికి రికార్డ్ చేసుకోవడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే సోనీ బీటామ్యాక్స్ కేసులో చెప్పింది. మన దగ్గర అనలాగ్ కేబుల్ ఉన్నన్నాళ్లు కంప్యూటర్‌లో టీవీ ట్యూనర్ కార్డ్ పెట్టుకుంటే మామూలు వీడియో ఫైల్ చేతికొచ్చేది. పల్లెల్లో కూడా అనలాగ్ ఆగిపోవాలని పెట్టిన గడువు 2017 మార్చి 31. ఆ తర్వాత పే చానల్‌ ఏదైనా సెట్‌టాప్ బాక్స్ దాటి రావాల్సిందే. బొమ్మ క్లియర్‌గా ఉంది, ఒప్పుకుంటా.

అందుకని ఇప్పుడు ఎవరడిగినా నేను రెండు పనులని వేరు చేసి చెబుతా. సీరియల్, క్రికెట్, బిగ్‌బాస్ లాంటివి చూసి తుడిచేసేవి. వాటికి బాక్స్ రికార్డింగ్ బ్రహ్మాండం. మీ పాప టీవీలో బతుకమ్మ ఆడినా, మీ నాన్న రెండు మాటలు మాట్లాడినా దాన్ని మాత్రం బాక్స్‌కి అప్పజెప్పి ఊరుకోకండి. బాక్స్‌కి ఎరుపు, తెలుపు, పసుపు ఏవీ అవుట్‌పుట్ ఉంటే, దాని నుంచి చవక యూఎస్‌బీ క్యాప్చర్ డివైస్‌తో ల్యాప్‌టాప్‌కి ఎక్కించుకోవచ్చు. పాత క్యాసెట్లు ఎక్కించుకోడానికి వాడేదే అది. క్వాలిటీ ఎస్‌డీయే, కానీ వచ్చేది మామూలు ఫైల్. హెచ్‌డీఎంఐ నుంచి తీద్దామంటే కాపీ ప్రొటెక్షన్ అడ్డం పడి నల్ల తెర వస్తుంది. దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉన్నవాళ్లు కొంచెం అదృష్టవంతులు. ఎన్‌క్రిప్షన్ లేని చానళ్లని మామూలు ఫ్రీ బాక్స్‌లో పెన్‌డ్రైవ్‌కి రికార్డ్ చేస్తే చాలావరకు వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడేస్తాయి. కాకపోతే చిన్నమ్మ చూసే సీరియల్ అందులో రాదు. ఇవేవీ కుదరకపోతే టీవీ ముందు ఫోన్ నిలబెట్టి వీడియో తీయండి. నవ్వుకోండి, పర్లేదు.

మాకు మిగిలింది అలాంటిదే. ఆ రోజు సిరిసిల్లలో మా మేనమామ నైట్ డ్యూటీ దిగే ముందు, సాంచాల షెడ్డులో ఉన్న చిన్న టీవీలో బావ కనపడ్డాడని ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. 40 సెకన్లు. బొమ్మ వంకర, మధ్యలో ఎవరిదో చెయ్యి అడ్డం వస్తుంది, మరమగ్గాల చప్పుడులో బాపు మాట సగమే వినపడుతుంది. అమ్మ ఫోన్ రెండుసార్లు మారింది, ఆ వీడియో మాత్రం ఆడుతూనే ఉంది. నేను మూడు చోట్ల కాపీ పెట్టా. తెరుచుకోని పెన్‌డ్రైవ్ ఇప్పటికీ బీరువాలో ఉంది, ఫార్మాట్ చేయడానికి చెయ్యి రాలేదు.

చిన్నమ్మ ఇంట్లో పాత బాక్స్ తీసేసి యూఎస్‌బీ రికార్డింగ్ ఉన్నది పెట్టించా, మధ్యాహ్నం రిపీట్‌కి రోజూ టైమర్ పెట్టి వచ్చా. నిన్న ఫోన్ చేసింది. చివరి ఐదు నిమిషాలు రాలేదట, సరిగ్గా అసలు విషయం బయటపడే దగ్గర ఆగిపోయిందట. చానల్ ఆ రోజు లేటుగా మొదలుపెట్టి ఉంటుంది. టైమర్ చివర పది నిమిషాలు కలపమని చెప్పా. "మీ చిన్నాయినకు చెప్పు, రిమోట్ ఆయన దగ్గరున్నది" అంది.