రాకెట్‌ పట్టకపోయినా టెన్నిస్‌ ఎల్బో!

పాలగిన్నె దించబోతే చేయి పట్టు తప్పుతుంది. తడిబట్ట పిండితే మోచేయి బయటివైపు ఎముక దగ్గర సూది పొడిచినట్టుంటుంది. తలుపు గడియ తిప్పాలన్నా భయమే. చివరికి డాక్టరు దగ్గరికెళ్తే 'టెన్నిస్‌ ఎల్బో' అంటారు. 'నేనెప్పుడు ఆడానండీ టెన్నిస్‌?' అని నోరెళ్లబెట్టడం రోగి వంతవుతుంది.

పేరులో ఆట ఉంది కానీ, ఈ నొప్పితో బాధపడేవారిలో చాలామంది రాకెట్‌ ముట్టనివారే. వంటవాళ్లు, వడ్రంగులు, రంగులేసేవాళ్లు, దర్జీలు, ఇంటిపనంతా ఒంటిచేత్తో నెట్టుకొచ్చే గృహిణులు... ముఖ్యంగా ముప్ఫై అయిదు దాటినవాళ్లు. అన్నట్టు, 2004లో సచిన్‌ టెండూల్కర్‌ను మైదానానికి దూరం చేసిందీ ఇదే. మరుసటి ఏడాది లండన్‌లో ఆపరేషన్‌ కూడా అయింది. అలాగని కంగారు పడక్కర్లేదు. కత్తిదాకా వెళ్లాల్సి వచ్చేది బహు కొద్దిమందికే.

ఇంతకీ నొప్పి మోచేతిలో ఎందుకు? మణికట్టును పైకెత్తే కండరాలన్నీ మోచేయి బయటి బుడిపె దగ్గరే మొదలవుతాయి. పిడికిలి గట్టిగా బిగించిన ప్రతిసారీ భారం అక్కడ పడుతుంది. గరిటె, కత్తెర, స్క్రూడ్రైవర్‌... ఏదైనా అంతే. రోజూ అదే పని చేస్తుంటే, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి టెండన్‌ నలిగిపోతుంది. అది కోలుకోవడమూ నిదానమే. అందుకే నెలల తరబడి వేధిస్తుంది.

'ఇంట్లో పెళ్లి పెట్టుకున్నాం, ఒక్క ఇంజెక్షన్‌ పొడిచెయ్యండి డాక్టర్‌గారూ' అనేవాళ్లే ఎక్కువ. ఇక్కడే ఆగి ఆలోచించాలి. స్టెరాయిడ్‌ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా ఉండే మాట నిజం. కానీ 2013లో 'జామా' వైద్యపత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం చెప్పింది వేరు. ఏడాది తిరిగేసరికి, స్టెరాయిడ్‌ తీసుకున్నవారిలో సగానికి పైగా మందికి నొప్పి తిరగబెట్టింది. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌ తీసుకున్నవారిలో అది నూటికి 12 మందికే! పెళ్లి గట్టెక్కుతుందేమో కానీ, ఆ తర్వాతి ఏడాదో?

అలాగని చేతిని జోలెలో వేసుకుని కూర్చోమని కాదు. పూర్తిగా వాడకపోతే కండరం ఇంకా నీరసిస్తుంది. పైగా రోజు కూలి మీద బతికేవారికి విశ్రాంతి అన్న మాటే ఓ విలాసం. చేయగలిగింది పని తీరు మార్చుకోవడం. బరువు ఎత్తేటప్పుడు అరచేయి కిందికి కాకుండా పైకి ఉండాలి, మోచేయి ఒంటికి దగ్గరగా ఉండాలి. బిందెకు రెండు చేతులూ వాడాలి. సన్నటి పిడులకు గుడ్డ చుట్టి లావు చేస్తే అంత బిగించి పట్టక్కర్లేదు. దుప్పట్లలాంటివి పిండకుండా దండెం మీద నీరోడనివ్వొచ్చు. నొప్పి ఉన్నచోటే నూనె రాసి కసిగా రుద్దించుకోవడం మాత్రం మానాలి.

అసలు మందు వ్యాయామం. ముంజేతిని బల్లమీద ఆనించి, మణికట్టు అంచు దాటేలా, అరచేయి కిందికి ఉండేలా పెట్టాలి. అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని, రెండో చేత్తో సాయం చేస్తూ మణికట్టును పైకెత్తాలి. సాయం తీసేసి నెమ్మదిగా, అయిదు అంకెలు లెక్కపెడుతూ కిందికి దించాలి. పదిసార్లతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాలి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉండటం మామూలే. మర్నాడు పొద్దుటికీ తగ్గకపోతే బరువు తగ్గించాలి. ఫలితం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు. పది రోజులు చేసి 'ఏం లాభం లేదు' అని సీసాను ఫ్రిజ్‌లో పెట్టేసేవాళ్లకు ఇది పనిచేయదు. మోచేతి పట్టీ కట్టుకునేవారు ఎముక మీద కాకుండా, దానికి రెండు మూడు వేళ్ల కింద కండరం మీద కట్టుకోవాలి.

నొప్పి మోచేయి లోపలివైపు ఉంటే అది 'గోల్ఫర్స్‌ ఎల్బో'. జాగ్రత్తలు దాదాపు ఇవే, కాకపోతే సీసా వ్యాయామంలో అరచేయి పైకి ఉండాలి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం నలుగుతున్నది నరం. గంటలకొద్దీ మోచేయి మడిచి ఫోన్‌ చెవికి ఆనించేవారికి, చేయి మడిచి తలకింద పెట్టుకుని నిద్రపోయేవారికి ఈ బాధ ఎక్కువ. తిమ్మిరి వదలకపోయినా, చేతిలో బలం తగ్గినా, మోచేయి ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, దెబ్బ తగిలాక చేయి చాపలేకపోయినా సీసాతో కుస్తీ వద్దు. వెంటనే ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి.