బెల్టు రంగు కాదు, నేల చూడండి

బడులు తెరిచే రోజులు వస్తే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో గోడల మీద కరాటే, టైక్వాండో, కుంగ్‌ఫూ నేర్పుతామనే కాగితాలు వెలుస్తాయి. పల్లెల నుంచి వచ్చిన తల్లిదండ్రులు వాటిని చదివి, "వీటిలో ఏది మంచిది?" అని అడుగుతారు. అది రెండో ప్రశ్న. పిల్లవాడు దేనికోసం నేర్చుకోవాలి, ఎవరి దగ్గర, ఎటువంటి నేల మీద నేర్చుకోవాలి అన్నది మొదటి ప్రశ్న. దాన్ని అడిగేవారు తక్కువ.

విద్యల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కరాటే జపాను దేశపు ఒకినావా దీవిలో పుట్టింది. టైక్వాండో కొరియాది, అందులో కాలిదే పెత్తనం. ఈ రెండూ కొట్టే విద్యలు. జూడో, కుస్తీ పట్టే విద్యలు. బాక్సింగ్ పిడికిళ్ళ ఆట. జూడో, కుస్తీ, బాక్సింగ్ పోటీల్లో బరువును బట్టి జతలు కడతారు గనుక బక్కపలచని పిల్లవాడు వెనుదీయనక్కరలేదు. వాడికి ఎదురు నిలిచేవాడూ బక్కపలచనివాడే. ఇక కర్రసాము మనది. పీర్ల పండుగలో చూసి చప్పట్లు కొట్టి మరచిపోతున్నాము.

ఏ విద్య ఎంచుకున్నా మాస్టరు మంచివాడా కాదా తెలుసుకోవడానికి ఒక గురుతు వుంది. ముందుగా పడడం నేర్పుతున్నాడా లేదా చూడాలి. జూడోలో తెలిసిన మాస్టరు తొలి రోజుల్లో ఎదుటివాణ్ణి పడవేయడం నేర్పడు, తాను పడడం నేర్పుతాడు. వెనక్కు పడేటప్పుడు గడ్డం రొమ్ముకు ఆనించాలి, అప్పుడు తల నేలకు తగలదు. అరచేయి మొదలు మోచేయి దాకా ఒక్కసారిగా నేలను చరచాలి, అప్పుడు దెబ్బ ఒకచోటే పడక పంచుకుపోతుంది. చేయి నిటారుగా చాచి ఆనుకుంటే మణికట్టు విరుగుతుంది. ఇది ఒంటికి పట్టినవాడికి సైకిలు మీద నుంచి పడినా, చింతచెట్టు కొమ్మ జారినా అక్కరకొస్తుంది. జీవితంలో ఎవరితోనూ తలపడే అవసరం రానివారికి కూడా ఈ ఒక్కటి చాలు, కట్టిన ఫీజు దండుగ కాదు.

ఇదంతా పరుపు మీదనో, తవ్వి మెత్తపరచిన మట్టిలోనో నేర్వవలసినది. సిమెంటు మిద్దె మీద, కంకర తేలిన మైదానంలో ఎత్తి పడవేయడాలు చేయించే చోటికి పిల్లల్ని పంపరాదు. తలకు దెబ్బ తగిలి వాంతి అయినా, కళ్ళు తిరిగినా, మత్తుగా వున్నా ఆ పిల్లవాణ్ణి వెంటనే ఆపి ఆసుపత్రికి తీసుకుపోవాలి. "ఏం కాదులే, లేచి ఆడు" అనే మాస్టరు ఎన్ని పతకాలు గెలిచినవాడైనా పిల్లలకు పనికిరాడు.

పెంకులు పగలగొట్టడం, చేతుల మీదుగా మోటారు సైకిళ్ళు నడిపించుకోవడం జాతరలో చూడ ముచ్చటే గానీ, ఎదుగుతున్న ఎముకలకు మంచిది కాదు. ధర్మవరంలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. పట్టు పోగు తెగితే వెతికి ముడివేసేది ఆ వేళ్ళే. గుంట మగ్గంలో కూర్చునే ఇంటి పిల్లవాడికి పిడికిలి కణుపులు వాచిపోతే ఆ నష్టం ఎవరు పూడుస్తారు? గంటల తరబడి వంగి కూర్చునే ఆ నడుముకు కావలసింది వొంగి, చాచి, తిరిగే కసరత్తు. దానికి కర్రసామును మించింది తక్కువ.

ఇక బెల్టుల సంగతి. తెలుపు నుంచి నలుపు దాకా ఒక్కొక్క రంగుకూ ఒక పరీక్ష, దానికొక ఫీజు. పరీక్ష పెట్టడం తప్పుకాదు. చేరేటప్పుడే మొత్తం ఎన్ని పరీక్షలు, ఒక్కొక్కదానికి ఎంత, దుస్తులకెంత అని అడిగి కాగితం మీద రాయించుకోవడం మంచిది. ఏడాది తిరగకుండా నల్ల బెల్టు ఇస్తామంటే అది విద్య కాదు, బట్ట. "జాతీయ", "అంతర్జాతీయ" అని అచ్చువేసిన సర్టిఫికెట్లన్నీ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో చెల్లవు. ఏ సంస్థ ఇచ్చింది, దానికి గుర్తింపు వుందా అన్నదే అక్కడ చూస్తారు. ఒలింపిక్స్‌లో జూడో 1964లో ప్రవేశించింది, టైక్వాండో 2000 నుంచి పతక క్రీడ. కరాటే మాత్రం 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో ఒక్కసారి కనిపించి, 2024 పారిస్‌లో లేకుండా పోయింది. కరాటే వద్దని దీని అర్థం కాదు. పతకం, ఉద్యోగం ఆశతో చేర్చేవారు తెలిసి చేర్చాలి.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. ప్రభుత్వ బడుల్లో 6వ తరగతి నుంచి బాలికలకు 3 నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇచ్చే పథకం సమగ్ర శిక్షలో వుంది. అది మంచి పని. కాని 3 నెలల్లో చేయి ఎత్తడం వస్తుంది, భయం పోదు. మిగతా 9 నెలలు ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? పట్టణంలో క్లాసు సాయంత్రం 6కు మొదలైతే రొద్దం, చిలమత్తూరు, బత్తలపల్లి పల్లెల పిల్ల ఏ బస్సుకు ఇల్లు చేరుతుంది? చేర్చేముందు తల్లి ఒకరోజు వెళ్ళి చివరిదాకా కూర్చుని చూడాలి. చేయి, నడుము పట్టి నేర్పే విద్య గనుక మహిళా మాస్టరో, సహాయకురాలో వుండడం మేలు. తల్లిదండ్రులు చూడరాదనే చోటు నుంచి అప్పుడే వెనుదిరగాలి. పిల్ల ఏదైనా చెబితే నమ్మాలి. 1098కు ఫోను చేస్తే పిల్లల సహాయ కేంద్రం పలుకుతుంది.

"ఆడపిల్లకెందుకు?" అనే పెద్దలు నిజామాబాద్ వైపు చూడాలి. బాక్సింగ్ మగపిల్లల ఆట అన్న మాట విని, తండ్రి అండతో బరిలో దిగిన నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ ప్రపంచ విజేత అయింది.

ఇంతా చెప్పి మన గరిడీలను మరవరాదు. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో విజయనగరం చూసి, కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె రుద్దించుకుని, బరువులెత్తి, కత్తిసాము చేసి, మల్లుడితో కుస్తీ పట్టేవాడని రాశాడు. 1565 యుద్ధంలో ఓడిన తరువాత ఆ రాజ్యానికి పెనుకొండే రాజధాని అయింది. అటువంటి ఊళ్ళ పక్కన పిల్లలు కుస్తీ గుంట ఎలా వుంటుందో ఎరగకపోవడం విచారకరం. పొరుగున తమిళులు తమ కర్రసాము సిలంబాన్ని 2024 జనవరిలో చెన్నైలో జరిగిన ఖేలో ఇండియా యువ క్రీడల్లో ప్రదర్శన క్రీడగా నిలబెట్టుకున్నారు. మనకు ఇంకా కర్ర తిప్పగల పెద్దలు పల్లెల్లో వున్నారు. వారు పోకముందే బడి మైదానంలోకి పిలవాలి.

దీనికి కోట్లు అక్కరలేదు. ఉన్నత పాఠశాలల మైదానాలు సాయంత్రం 4.30 నుంచి 6 దాకా తెరిచివుంచితే పల్లె పిల్లలు బస్సు అందుకోగలరు. మైదానంలో ఒక మూల గుంట తవ్వి ఎర్రమన్ను పోయించడం పంచాయతీకి భారం కాదు. పల్లె పిల్లలకు జూడో నేర్పిన అనుభవం అనంతపురంలోని ఆర్డీటీ క్రీడాగ్రామానికి వుంది, అడిగి తెలుసుకోవచ్చు. పాఠశాల క్రీడల ఎంపిక పోటీల సంగతి పల్లెలకు పోటీ ముగిసిన మర్నాడు పేపర్లో ఫొటో చూసినప్పుడు తెలియడం ఆగాలంటే, మండల విద్యాధికారులు ఆ తేదీలను 15 రోజుల ముందే ప్రతి ఉన్నత పాఠశాల నోటీసు బోర్డు మీద అంటింపించాలి.